జచ్చాఖానా చూడబోతే

మేం ఆస్పత్రి చూడ్డానికెళ్ళాం. ఆస్పత్రే మమ్మల్ని చూసింది.

నా బిడ్డకు ఎనిమిదో నెల. తొలి కాన్పు. కనబోయే చోటు ముందే చూస్తే భయం తగ్గుతుందని తనే అంది. మా అమ్మీ నన్ను ఇంట్లోనే కన్నది, మంత్రసాని చేతుల్లో. నేను సర్కారు జచ్చాఖానాలో కన్నాను. నొప్పులొచ్చాకే దాని గడప చూశాను. మూడో తరానికి ముందే చూసుకుని, నచ్చితేనే చేరే వీలొచ్చింది గదా అని సంబరపడ్డాను.

బిడ్డ కాగితం మీద ఆరు ప్రశ్నలు రాసుకుంది. నొప్పులప్పుడు అమ్మీని పక్కన ఉండనిస్తారా? అటూ ఇటూ నడవనిస్తారా? పరీక్ష చేసేటప్పుడు పరదా వేస్తారా? రాత్రిపూట లేడీ డాక్టరు ఉంటుందా? నూరు కాన్పుల్లో ఎన్ని ఆపరేషన్లు? పుట్టగానే పసిగుడ్డు చెవిలో అజాన్ చెప్పడానికి అబ్బాను రానిస్తారా?

కౌంటర్లో అమ్మాయి ఏసీ గదులు, టీవీ, ప్యాకేజీ రేట్లు నవ్వుతూ చూపించింది. కాన్పు గది గుమ్మంలో సిస్టర్ మా బుర్ఖాల వంక చూసింది.

‘ఎన్నో కాన్పు?’

‘మొదటిది.’

‘ఇప్పటికి మొదటిది. మీవాళ్ళు ఆపరేషన్ చేయించుకోరు గదా, మళ్ళీ మళ్ళీ వస్తూనే ఉంటారు!’

ఆమె నవ్వింది. పక్కనున్న ఆయా నవ్వింది. నా బిడ్డ కాగితం మడిచి బ్యాగులో పెట్టేసుకుంది. ఒక్క ప్రశ్నా అడగలేదు.

‘ఏదో తమాషాకి అని ఉంటుంది’ అంటారు మిత్రులు. ఆ తమాషా కింద ఒక అబద్ధం ఉంది. 1992–93 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ముస్లిం స్త్రీకి సగటున 4.4 మంది పిల్లలు. 2019–21 సర్వేకి అది 2.36. దాదాపు సగానికి తగ్గించింది ఎవరు? మా ఆడవాళ్ళే. అయినా, తగ్గకపోతే మాత్రం, నొప్పులు పడబోయే మనిషి తన కౌం జనాభా లెక్క ఎందుకు అప్పజెప్పాలి?

లౌకిక మిత్రులారా! కర్ఫ్యూ పెడితే మీరు ప్రకటన ఇస్తారు. కాన్పు గది గుమ్మంలో జరిగేదానికి ప్రకటన లేదు. అక్కడ నెత్తురు కనబడదు, నోరు మాత్రం మూతబడుతుంది. గుమ్మంలో మూతబడ్డ నోరు బల్ల మీద ‘కడుపు ఎందుకు కోస్తున్నారు?’ అని అడగలేదు. అదే 2019–21 సర్వేలో తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం ఆపరేషన్లే. ఆ లెక్కలో మీ బిడ్డలూ ఉన్నారు. ఆ ఆరు ప్రశ్నల్లో అయిదు ఏ ఆడదైనా అడిగేవే. మాదంటూ ఉన్నది ఒక్కటే. అది చెవిలో చెప్పే రెండు నిమిషాల అజాన్.

మావాళ్ళకూ ఒక మాట. ‘ఆడవాళ్ళు చూసేదేముంది, మేం మాట్లాడొస్తాం’ అనే మగవాళ్ళు మా ఇళ్ళలో ఉన్నారు. మీరు మాట్లాడేది రేటు గురించి. బల్ల మీద పడుకునేది మేము. సిస్టర్ మూసిన నోరే మీరూ మూస్తున్నారు.

1949లో తన దగ్గర పనిచేసే మనిషి కాన్పులో చనిపోతే నిజాం కోడలు నీలోఫర్ తల్లడిల్లింది. 1953లో హైదరాబాద్‌లో ఆమె పేరున ఆస్పత్రి వెలిసింది. ఆ పేరున్న గేటులోంచి అన్ని మతాల తల్లులూ వెళ్తున్నారు. అది రాణిగారి దయ అనుకుందాం. ఇవాళ మాకు దయ అక్కర్లేదు. జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో తయారుచేసిన రోగుల హక్కుల పత్రంలో మతం చూసి తేడా చూపకూడదని ఉంది. మగ డాక్టరు పరీక్షించేటప్పుడు మరో స్త్రీ ఉండాలని ఉంది. కాన్పప్పుడు తల్లి కోరుకున్న తోడు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అదే ఏడు చెప్పింది. మేం అడుగుతున్నది అదే.

వచ్చే వారం మళ్ళీ వెళ్తున్నాం. బుర్ఖాలతోనే. ‘ఈసారి కాగితం నాకియ్యి, నేనడుగుతా’ అన్నాను.

‘వద్దమ్మీ, నేనే చదువుతా’ అంది నా బిడ్డ.