గాటు నేలది కాదు, చక్రానిది



కొత్తగా పరచిన నేల మీద గాటు పడితే ‘నేల నాసిరకం’ అనడం లోకాచారమైపోయింది. ఈ టపాలో నేను అందుకు విరుద్ధంగా వాదించదలచుకొన్నాను. అమెరికాలో ఆర్వీలని పిలిచే సంచార గృహాలలో వేలకు వేల డాలర్లు పోసి వేయించుకొన్న నేలలు కొద్ది ప్రయాణాలకే గాళ్ళు పడుతున్నాయి. ఆ దోషం నేలది కాదు. దానిమీద ఏ బరువు దొర్లుతుందో విచారించకుండా పరచినవారిది, పరచమని అమ్మినవారిది.

ఆర్వీని చూడని మిత్రులకోసం నాలుగు మాటలు. అమెరికా రహదారులపై వాహనం వెడల్పు సాధారణంగా 102 అంగుళాలు, అంటే ఎనిమిదిన్నర అడుగులు దాటకూడదు. ఆ కాస్త వెడల్పులోనే వంట, పడక, స్నానం అన్నీ ఇమడాలి. అందుకని సోఫాతోనో భోజనపు బల్లతోనో సహా గోడలో ఒక భాగాన్ని, బండి ఆగిన తరువాత బీరువా సొరుగు లాగినట్లు బయటకు నెట్టే ఏర్పాటు చేశారు. మోటారు ఇళ్ళలో ఇది 1990 ప్రాంతంలో ప్రవేశించి, కొద్దికాలంలోనే తప్పనిసరి సౌకర్యమైపోయింది. దానిని స్లైడ్ అవుట్ అంటారు. నేను ‘సొరుగుగది’ అంటున్నాను. మిత్రులు ఇంతకంటె మంచి మాట సూచిస్తే సంతోషంగా స్వీకరిస్తాను.

ఈ సొరుగుగది గాలిలో తేలదు. చాలా నమూనాలలో దాని లోపలి అంచు క్రింద చిన్న రోలర్లు ఉండి, గది లోపలికి వచ్చేటప్పుడు ప్రధానమైన నేల మీదనే దొర్లుతాయి. సోఫా, అలమారాలు, కిటికీ అద్దాలు, గోడ, కప్పు - వీటి బరువులో గణనీయమైన భాగం ఆ రెండు మూడు రోలర్ల మీదనే పడుతుంది. కర్మాగారంవారు ఆ దారిలో తివాచీ పరచి పంపడం అందుకే. అది అందానికి వేసినది కాదు, చక్రానికి మెత్తని దారిగా వేసినది. ఈ సంగతి తెలియక తివాచీ పీకి పారవేయడంతో కథ మొదలవుతుంది.

టెక్సాస్‌లో ఉన్న మా అబ్బాయి కొన్నాళ్ళ క్రితం ఒక పాత ఆర్వీ కొన్నాడు. తివాచీ మాసిపోయిందని, నేలలు వేసే ఒక సంస్థవారిని పిలిపించాడు. వారు వచ్చి, కొయ్యపలకలను పోలిన వినైలు పలకలను ఈ గోడ నుంచి ఆ గోడ దాకా, సొరుగుగది క్రింద కూడా పరచి వెళ్ళారు. మూడవ ప్రయాణం నాటికి నేల మీద రెండు సమాంతర రేఖలు తేలాయి. రెండు చోట్ల పలకల అతుకులు విరిగి పైకి లేచాయి. నేల వేసినవారిని అడిగితే ‘రోలర్లు మా పని కాదు’ అన్నారు. బండి అమ్మినవారిని అడిగితే ‘నేల మాది కాదు’ అన్నారు. ముప్పది ఏళ్ళకు పైగా పిల్లలకు వ్యాకరణం చెప్పినవాడిని కనుక నాకు సంధి ప్రకరణం గుర్తుకు వచ్చింది. రెండు పదాలు కలిసినచోట ఏదో ఒక మార్పు జరిగి తీరుతుంది. ఆ మార్పుకు పూర్వపదమూ పరపదమూ రెండూ కారణమే. చక్రమూ నేలా కలిసేచోట మాత్రం సూత్రం వ్రాసే బాధ్యత ఎవరూ తీసుకోలేదు.

ఇక అమ్మకందారుల వాదాలను ఒక్కొక్కటిగా పరీక్షిద్దాం.

మొదటిది: ‘పై పొర 20 మిల్లుల మందం, గీత పడదు.’ మిల్లు అంటే అంగుళంలో వెయ్యవవంతు. 20 మిల్లులంటే అర మిల్లీమీటరు. ఆ పొర చెప్పుల రాపిడికి, కుక్కగోళ్ళకు, కుర్చీ జరుపుళ్ళకు తట్టుకొంటుంది. కాని రోలరు చేసేది గీకడం కాదు, నొక్కడం. ఒక రోలరు మీద 100 కిలోల బరువు పడిందని, అది నేలను తాకే చోటు 2 చదరపు సెంటీమీటర్లని అనుకొందాం. అప్పుడు చదరపు సెంటీమీటరుకు 50 కిలోల ఒత్తిడి. 70 కిలోల మనిషి రెండు పాదాలు మోపి నిలబడితే, పాదాల వైశాల్యం 300 చదరపు సెంటీమీటర్లు అనుకొన్నా, పావు కిలో కూడా రాదు. రెండువందల రెట్లకు పైబడిన తేడా ఇది! పై పొర చెక్కుచెదరకుండానే దాని క్రింది ఒళ్ళు లోపలికి కుంగుతుంది. చర్మం చెదరలేదు, ఎముక విరిగింది అన్నట్లు.

రెండవది: ‘మెత్తని వినైలు కాదు, రాతిపొడి కలిపిన గట్టి పలక వేయించుకోండి.’ ఇది కొంతవరకు నిజం. గట్టి పలక నడుమ అంత తేలికగా కుంగదు. కాని ఆ పలకలు ఒకదానిలో ఒకటి ఇమిడేది అంచులలో చెక్కిన పలుచని నాలుకలతోనే. జిగురు లేకుండా తేలుతూ పరచిన నేలలో రోలరు అతుకు మీదికి రాగానే ఒక పలక క్రిందికి వంగుతుంది, పక్కది వంగదు. నడుమ ఉన్న నాలుక విరుగుతుంది. పైగా తేలే నేలకు ఎండకు సాగడానికి, చలికి ముడుచుకోవడానికి చోటు కావాలి. నెలల తరబడి ఎండలో మూసి ఉంచే బండిలో, సొరుగుగది బరువు దానిని ఒకచోట అదిమి పట్టుకొంటే, అది మరొకచోట ఉబ్బడమో విడిపోవడమో జరుగుతుంది. పైన పటారం, లోన లొటారం.

మూడవది: ‘గాటు పడితే ఆ ఒక్క పలక మార్చుకోండి.’ ఈ మాటకే నాకు ఎక్కువ కోపం. కారణం తొలగించకుండా పలక మారిస్తే మరుసటి ప్రయాణానికి మళ్ళీ అదే గాటు. ఉన్న ఇల్లు అమ్ముకొని ఆర్వీలోనే శేషజీవితం గడిపే విశ్రాంత దంపతులు అక్కడ ఎందరో ఉన్నారు. వారికది విహారవాహనం కాదు, ఉన్న ఒక్క ఇల్లు. అతుకు విరిగిన సందులోనుంచి నీరు దిగి క్రింది చెక్క మెత్తబడితే, సొరుగుగదికే ఆధారం పోతుంది. వారిని పలకలు మార్చుకొంటూ కూర్చోమనడం వ్యాపారమే కాని సలహా కాదు.

మన పల్లెల్లో ఇనుప పట్టా వేసిన ఎడ్లబండి చక్రం మట్టిదారిని ఎలా కోసేదో నా వయసువారికి తెలుసు. వెడల్పాటి గాలి టైర్ల బండ్లు వచ్చాక ఆ కోత తగ్గింది. అక్కడ మారినది చక్రం, మట్టి కాదు. ఆర్వీ విషయంలోనూ ఆలోచన చక్రం వైపునుంచే మొదలు కావాలి.

అందుచేత నేల పరచడానికి ముందే చేయవలసినవి ఇవి. సొరుగుగదిని ఒకసారి పూర్తిగా లోపలికి, బయటికి నడిపించి, రోలర్లు పోయే దారిని సుద్దతో గుర్తు పెట్టాలి. గది అడుగుకూ నేలకూ మధ్య ఎడం కొలవాలి. కొత్త నేల మందం పాతదానిని మించితే గది బిగుసుకొంటుంది. ప్రతి రోలరునూ చేతితో త్రిప్పి చూడాలి. వెంట్రుకలు, దారాలు చుట్టుకొని తిరగని రోలరు చక్రం కాదు, నాగలి. అరిగి చదునైన దానిని మార్చాలి. చోటుంటే వెడల్పాటిది వేయాలి.

ఆ దారిలో తేలే పలకలు వేయనే కూడదు. పలకలను దారికి ఇవతలే ఆపి, అక్కడ పలుచని తివాచీనే ఉంచడం అన్నిటికంటె సులభం. అది నచ్చనివారు చెక్కకు పూర్తిగా జిగురుతో అంటించిన పలుచని వినైలు వేసి, దానిపై రోలరు దారి పొడవునా గట్టి పాలిథిలీన్ పట్టీ బిగించవచ్చు. మరల తలలు పట్టీలోనికి దిగి, రోలరు దారికి ప్రక్కగా ఉండాలి. ఎడం చాలదనుకొంటే, గది నడిపేటప్పుడు మాత్రమే అటువంటి రేకును రోలరు క్రింద పెట్టి, తరువాత తీసివేయవచ్చు. రబ్బరు చాపలు మాత్రం వద్దు. అవి రోలరు ముందు ముడుచుకొంటాయి, వినైలు మీద పసుపు మరకలు కూడా విడుస్తాయి. గది కదిలించే ముందు ప్రతిసారీ దారి ఊడ్చాలి. ఒక్క ఇసుకరాయి చాలు, చక్రం దానిని ఉలిగా మార్చుకొంటుంది.

‘తివాచీలో దుమ్ము చేరుతుంది, అందం చెడుతుంది’ అని ఆక్షేపించేవారున్నారు. నిజమే. కాని నేను ఇల్లంతా తివాచీ పరచమనడంలేదు. గది బయటకు ఉన్నప్పుడు దాని అంచు చాటున, లోపలికి వచ్చినప్పుడు దాని అడుగున ఉండే కొద్ది అడుగుల మేర మాత్రమే. అందం నడిచేచోట ఉండనీయండి. బరువు నడిచేచోట బుద్ధి ఉండాలి.

‘అమెరికా బండ్ల గొడవ తెలుగులో ఎందుకు మాస్టారూ’ అని అడిగే మిత్రులకు ఒక మాట. ఆ బండ్లు కొనే తెలుగువారున్నారు, సెలవులలో వారివద్దకు వెళ్ళి వాటిలో ప్రయాణించే నావంటి తల్లిదండ్రులున్నారు. కథలకు, కవితలకు పనికివచ్చే భాష ఒక రోలరును గురించి చెప్పడానికి పనికిరాదంటే నేను ఒప్పుకోను.

మా అబ్బాయి ఆ దారిలోని పలకలు తీయించి, తివాచీ వేయించి, రెండు రోలర్లు మార్పించాడు. ఆ ఖర్చులో సగమైనా భరించమని నేల వేసినవారికి ఉత్తరం వ్రాయమన్నాను, వ్రాశాడు. ఇంతవరకు జవాబు లేదు. మీలో ఎవరైనా కొత్త నేల వేయించుకోబోతుంటే, డబ్బు చెల్లించే ముందే ఒక ప్రశ్న అడిగి, జవాబు కాగితం మీద వ్రాయించుకోండి: ‘రోలరు దారిలో ఏమి వేస్తున్నారు?’ చేతులు కాలాక ఆకులు వెదకే పని తప్పుతుంది. ఈ బాధ ఇంతకుముందే పడి వేరే ఉపాయం కనిపెట్టినవారు కొలతలతో సహా వ్యాఖ్య వ్రాస్తే, నాకే కాక మరి పదిమందికి ఉపకారం చేసినవారవుతారు.