అక్క నీడలో చెల్లెళ్లు

నైజీరియా దేశంలో ఐదు వందలకు పైగా భాషలున్నాయి. ఆ దేశపు ఉత్తర ప్రాంతంలో హౌసా భాషదే ప్రాబల్యం. దాని ఒత్తిడికి యోబే రాష్ట్రంలోని బాదే, న్గిజిమ్ వంటి భాషలు క్రమంగా వెనుకంజ వేస్తున్నాయి. విచిత్రమేమంటే ఇవన్నీ హౌసాతోపాటు చాడిక్ కుటుంబంలో పుట్టిన తోబుట్టువులే.

హౌసా విస్తరణకు ఆయుధబలమే కారణమనుకోవడం పొరపాటు. 1804లో ప్రారంభమైన జిహాద్‌లో హౌసా రాజ్యాలను జయించినవారు ఫులానీ నాయకులు. అయినా నగరాలలో స్థిరపడిన వారి సంతతే కాలక్రమంలో హౌసా మాట్లాడసాగింది. విజేతలనే లోబరచుకొన్న భాష ముందు పల్లెల పలుకు నిలవడం కష్టమే కదా! అంగడిలో బేరం, బడిలో స్నేహం, రేడియోలో వార్త అన్నీ హౌసాలో సాగుతుంటే తల్లిదండ్రులు బిడ్డలకు దానినే అందిస్తారు. వారిని నిందించడం న్యాయం కాదు.

అయితే నష్టం స్వల్పమైనది కాదు. జిగావా రాష్ట్రంలో ఔయో పట్టణం నేటికీ ఉన్నది. ఆ పేరుతో వెలసిన ఔయోకావా భాషను మాట్లాడేవారు మాత్రం లేరు. అది బాదేకు దగ్గరి చుట్టం. న్గిజిమ్‌కు రస్సెల్ షూ అనే అమెరికన్ పండితుడు 1981లో నిఘంటువు ప్రకటించాడు. నిఘంటువు పదాలను భద్రపరచగలదు గాని, బిడ్డను జోకొట్టలేదు.

ప్రాథమిక విద్య మాతృభాషలోనే సాగాలని ప్రభుత్వం 2022లో ఆమోదించిన విధానం 2025లో రద్దయింది. ఆంగ్లమే మళ్లీ బోధనాభాష అయింది. ఇది తొందరపాటు. హౌసాను ఎవరూ మానుకోనక్కరలేదు. బాదే పిల్లలు తమ పలుకులో అక్షరాలు దిద్ది, ఆపై హౌసానూ ఆంగ్లాన్నీ నేర్చుకొంటే అంగడికి గాని, ఉద్యోగానికి గాని వచ్చే లోటేమున్నది?