కోటు కింద ఒళ్ళు ఉండాలి

తెనాలి, బాపట్ల, రేపల్లె చుట్టుపక్కల మన పల్లెల్లో బాబాసాహెబ్ విగ్రహాలు చాలా ఉన్నాయి. కోతల కూలి డబ్బుల్లోంచి రూపాయి రూపాయి చందా వేసుకుని నిలబెట్టుకున్నవి. ఈసారి దండ వేసేటప్పుడు కాస్త ఆగి చూడండి. కొన్నిటికి తల పెద్దది, కాళ్ళు పొట్టి. చూపుడు వేలెత్తిన చెయ్యి భుజంలోంచి వచ్చినట్టు ఉండదు, పక్కన తెచ్చి అతికించినట్టు ఉంటుంది. నీలం కోటు ఉంది. కోటు లోపల మనిషి లేడు.

చేసినవాళ్ళను తిట్టడానికి ఇది రాయడం లేదు. తెనాలి శిల్పుల పనితనం అందరూ ఎరిగిందే. తక్కువ డబ్బుకి, ఏప్రిల్ 14 లోపు ఇచ్చి తీరాలంటే, ఒక్క ఫోటో చూసి చేస్తే ఏ చేతికైనా అంతే వస్తుంది. చెయ్యి ఎత్తితే భుజం ఎలా లేస్తుందో, కోటు ఎక్కడ లాక్కుంటుందో, బరువు ఏ కాలి మీద పడుతుందో బతికున్న మనిషిని ఎదురుగా పెట్టుకుని గీస్తేనే తెలుస్తుంది. ఆ చదువు పేరు లైఫ్ డ్రాయింగ్. అది మన పిల్లలకు కావాలి.

మన దేశంలో ఈ చదువు బళ్ళోకి వచ్చి వందేళ్ళు దాటింది. బొంబాయి జె.జె. స్కూల్లో 1919లో గ్లాడ్‌స్టన్ సాలమన్ నగ్నంగా ఉన్న మనిషిని చూసి గీసే క్లాసు పెట్టాడు. రాజమండ్రి కుర్రాడు దామెర్ల రామారావు ఆ రోజుల్లోనే అక్కడ చదివి వచ్చాడు. ముప్పయ్యేళ్ళు నిండకుండానే 1925లో పోయాడు గాని, అతని బొమ్మల్లో మనుషులకు ఎముకలున్నాయి, బరువుంది. మద్రాసు స్కూలుకు 1929 నుంచి ప్రిన్సిపాల్‌గా చేసిన దేవీప్రసాద్ రాయ్ చౌధురి చేతి పని 1959 నుంచి మెరీనా బీచిలో ఉంది. నలుగురు కూలీలు బండను కదిలిస్తుంటారు. వాళ్ళ వెన్నులు, పిక్కలు చూస్తే ఆ బండ బరువు మనకే తగులుతుంది.

ఇక్కడ ఒక ప్రశ్న అడగాలి. ఇలాంటి క్లాసుల్లో స్టూలు మీద కూర్చుంటున్నది ఎవరు? బొగ్గు పట్టుకుంటున్నది ఎవరు? గంటల తరబడి కదలకుండా కూర్చుని కూలి తీసుకునేది పేదలు. బొమ్మ కింద సంతకం ఇంకొకరిది. అలా మోడల్‌గా బతికే ఒక పేద తల్లి కథతో 2018లో మరాఠీలో 'న్యూడ్' అనే సినిమా వచ్చింది. చేసే పని కన్నకొడుక్కి కూడా చెప్పుకోలేని బతుకు ఆమెది.

మన ఒంటిని ఈ సమాజం చూడకుండానే లెక్క కడుతుంది. ఎవరు ఎక్కడ కూర్చోవాలి, ఎవరి కాలు ఎవరికి తగలకూడదు, అన్నీ ముందే రాసిపెట్టుకుంది. చుండూరు సినిమా హాల్లో కాలు తగిలిందన్న గొడవ పెరిగి పెరిగి, 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను చంపి, శవాలను గోతాల్లో కుక్కి పడేసేదాకా పోయింది. లైఫ్ డ్రాయింగ్ మొదటి పాఠం దీనికి పూర్తిగా ఎదురు. నీకు తెలుసనుకున్నది గీయొద్దు, కంటికి కనపడేది గీయి. ముందు మనిషిని చూడు, తర్వాత గీత పెట్టు. కులానిది తిరగేసిన పద్ధతి. ముందు గీత, చూపు ఆనక!

ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ కోసం మన పిల్లలు విశాఖకో, కడపకో, హైదరాబాదుకో పోవచ్చు. ఇంటి దగ్గర చెయ్యి తిరగనివాడు ప్రవేశ పరీక్ష దగ్గరే ఆగిపోతాడు. చెయ్యి తిరగడానికి కాలేజీ దాకా ఆగక్కర్లేదు. చింతపుల్లలు కాల్చిన బొగ్గు చాలు. కాళహస్తి కలంకారీ వాళ్ళు గీసేది దాంతోనే. కాగితం అంటారా, పాత పేపరు, కరపత్రం వెనక వైపు. మనుషులంటారా, తెనాలి స్టేషన్లో రైలు కోసం కూర్చున్నవాళ్ళు, బస్తా దించి నడుం వాల్చిన ముఠా కూలీ, సూర్యలంకలో వల బాగుచేసుకునేవాళ్ళు, రేపల్లె పొలం గట్టు మీద అన్నం తినే నాట్ల కూలీలు. ఒక్క నిమిషంలో, నాలుగు గీతల్లో మనిషిని పట్టాలి. రోజుకు ఇరవై బొమ్మలు. మొదటి నెల అన్నీ వంకరగానే వస్తాయి. చించొద్దు, తేదీ వేసి దాచండి.

కొలతకు పెన్సిలు చాలు. చెయ్యి పూర్తిగా చాచి, ఒక కన్ను మూసి, మోడల్ తల పొడవును పెన్సిలు మీద బొటనవేలితో కొలవండి. నిలబడ్డ పెద్దవాళ్ళు సుమారు ఏడున్నర తలల పొడవు ఉంటారు. కళ్ళు తలకి సగం దగ్గర ఉంటాయి. తాపీమేస్త్రి తూకం గుండు చూశారుగా? ఒక కాలి మీద బరువేసి నిలబడ్డ మనిషి గొంతు గుంట నుంచి ఆ దారం వదిలితే, ఆ పాదం దగ్గరే పడుతుంది. ఆ వైపు తుంటి లేస్తుంది, భుజం దిగుతుంది. బస్తా ఎత్తినవాడికి ఇది ఒంట్లో ఉన్న విద్యే. కాగితం మీద పెట్టడమే మిగిలింది.

అయితే మన క్లాసుకు మన షరతులు ఉండాలి. అడగకుండా ఎవర్నీ గీయొద్దు. గంటసేపు కూర్చోబెడితే కూలి ఇవ్వండి. గీసిన బొమ్మ ముందు వాళ్ళకే చూపించండి. ఒప్పుకుంటే గీసినవాళ్ళ పేరు పక్కన కూర్చున్నవాళ్ళ పేరూ రాయండి. మన అక్కచెల్లెళ్ళు కామందుల చూపులు పడి పడి విసిగి ఉన్నారు. ఆ చూపే బొగ్గు పట్టుకుని మళ్ళీ రాకూడదు. ఆడపిల్లల చేతికీ బొగ్గు ఇవ్వండి. నగ్నంగా గీయడం కాలేజీలో, ఇష్టపడి వచ్చిన మోడల్‌తో, తలుపు వేసుకుని చేసే చదువు. ఊళ్ళో బట్టల్లో ఉన్న మనిషి చాలు. ఒక చెయ్యి, ఒక పాదం, ఒక మెడ నేర్పేది తక్కువేం కాదు.

కార్యకర్తలకు రెండు పనులు చెబుతున్నాం. ఒకటి, ఆదివారం రెండు గంటలు కమ్యూనిటీ హాలు తెరిచి పదిమంది పిల్లల్ని కూర్చోబెట్టండి. దగ్గర్లో డ్రాయింగ్ మాస్టారు ఉంటే పిలవండి. ప్రభుత్వం పెట్టే డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పరీక్షలకు ఫీజు కట్టించండి. రెండోది, కొత్త విగ్రహానికి అడ్వాన్సు ఇచ్చేటప్పుడే శిల్పితో ఒక మాట పెట్టుకోండి. మా పిల్లలిద్దరు మీ దగ్గర మట్టి కలుపుతారు, పని నేర్పాలి అని.

హైదరాబాదులో 2023 ఏప్రిల్ 14న ఆవిష్కరించిన 125 అడుగుల అంబేద్కర్ విగ్రహానికి రూపమిచ్చిన రామ్ సుతార్ ఒక పల్లెటూరి వడ్రంగి కొడుకు. జె.జె. స్కూల్లో చదివాడు. వడ్రంగి కొడుక్కి అబ్బిన విద్య కూలివాడి బిడ్డకు ఎందుకు అబ్బదు?

చందా మనది. నాయకుడు మనవాడు. ఆ కోటు కింద ఒళ్ళు నిలబెట్టే చెయ్యి కూడా మనది కావాలి.

జై భీమ్!