తేన్పుకి కులం అంటగట్టకండి

మొన్న పర్యావరణ దినోత్సవం నాడు మా కాలేజీకొచ్చిన వక్త ఒకాయన, పెద్దకూర తినేవాళ్ల వల్లే భూమి వేడెక్కుతోందన్నాడు. ముందు వరసలో కూర్చున్న మా హాస్టల్ పిల్లలు తలలు దించుకున్నారు. ఆ దించిన తలల కోసమే ఈ భాగం రాస్తున్నాను.

సైన్స్‌తోనే మొదలుపెడదాం. నెమరేసే ఆవు, బర్రె పొట్టలో సూక్ష్మజీవులు మీథేన్ తయారుచేస్తాయి. అది ఎక్కువగా తేన్పుల్లో బయటికొస్తుంది. ఇరవై ఏళ్ల లెక్కన కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 80 రెట్లు వేడి పట్టి ఉంచుతుంది. గొడ్ల బీళ్ల కోసం అమెజాన్ అడవుల్ని నరుకుతున్నదీ నిజమే. నేనేదీ దాచను.

కానీ తేన్చేది బతికున్న పశువు. మన దేశంలో దాన్ని దేనికి పెంచుతున్నారు? 2019 పశుగణనలో ఆవులూ బర్రెలూ కలిపి 30 కోట్లు. పాల ఉత్పత్తిలో ప్రపంచంలో మనమే మొదటి స్థానం. అదే బర్రె, అదే తేన్పు. పాలు, పెరుగు, నెయ్యి పుణ్యం ఖాతాలో, కూర మాత్రం పాపం ఖాతాలోనా? ఉపన్యాసం మధ్యలో ఆయన తాగింది మజ్జిగ!

అసలు పెద్ద నేరస్తుడు మీథేన్ కూడా కాదు. బొగ్గు, చమురు కాల్చగా వచ్చే కార్బన్ డయాక్సైడ్. పరిశ్రమలు రాకముందు గాలిలో పది లక్షల పాళ్లకి 280 పాళ్లుండేది, ఇప్పుడు 420 దాటింది. ఏడాదికి సగటు అమెరికన్ వాటా సుమారు 14 టన్నులు, సగటు భారతీయుడిది 2 టన్నులు. ఆ 'సగటు' కూడా అబద్ధమే. నాలుగు ఏసీల మేడనీ, ఒక్క ఫ్యాను తిరిగే మా వాడనీ కలిపి తీసిన సగటది. రామగుండంలో కాలే బొగ్గుతో వచ్చే కరెంటు నగరాలకి పోతుంది, బూడిద పక్క ఊళ్లకి మిగులుతుంది.

2015 వడగాడ్పులకి దేశంలో రెండు వేల మందికి పైగా చనిపోయారు. అత్యధికులు ఆంధ్ర, తెలంగాణ వాళ్లే. ఆ లెక్కల్లో కులం గడి లేదు. మిట్టమధ్యాహ్నం ఉపాధి పనిలో గడ్డపార పట్టేదెవరో, ఇంటి పైన రేకులున్నదెవరికో మనకి తెలియదా?

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, తలలెత్తండి. పని దగ్గర నీడ, నీళ్లు, ఎండకి తగ్గ పనివేళలు, వడదెబ్బ చావుకి పరిహారం అడగండి. ఈసారి వక్త మీ కంచం వైపు వేలు చూపిస్తే, ఆయన కరెంటు బిల్లు చూపించమనండి.

జై భీమ్.