మోరిస్‌విల్ నుంచి ఊరికి ఎన్ని గంటలు?

మేం ఉండేది నార్త్ కరోలినాలోని మోరిస్‌విల్. రాలీ-డర్హామ్ ఎయిర్‌పోర్టు పక్కనే. సైటు మీద పని చేస్తుంటే విమానాలు నెత్తి మీదికెళ్లే పోతుంటాయి. మనూరు దూరం లేదనిపిస్తది.

ఫోన్ల కొట్టి చూస్తే ఇక్కడినుంచి శంషాబాద్‌కు సుమారు 13,600 కిలోమీటర్లు అని వస్తది. ఆగకుండా ఎగిరితే 15 గంటలు. మ్యాపు చూస్తే మేం పడమర 78 డిగ్రీల దగ్గర, హైదరాబాద్ తూర్పు 78 డిగ్రీల దగ్గర. అంటే దాదాపు భూమికి ఆ పక్క, ఈ పక్క. కానీ ఆ 15 గంటల విమానం ఇక్కడినుంచి లేదు.

ముందు మేం అన్నదమ్ములం ఇద్దరం దుబాయ్‌ల పని చేసినం. అక్కడినుంచి హైదరాబాద్ నాలుగు గంటల లోపే. పొద్దున కబురొస్తే రాత్రికి ఇంట్ల ఉండొచ్చు. అదే లెక్క మా తలకాయలో ఉండిపోయింది.

పోయిన చలికాలం మా బాపు పోయిండు. "ఆపండి, 16 గంటల్ల వస్తం" అని ఫోన్ల చెప్పినం. తక్కువకు దొరికినయని రెండు వేరే వేరే టికెట్లు తీసినం. మొదటి విమానం ఆలస్యమైంది, రెండోది పోయింది. వేరే టికెట్ కాబట్టి అడిగే హక్కు లేదు, మళ్లీ పైసలు పెట్టి కొన్నం. బాపును రెండు రాత్రులు ఫ్రీజర్ బాక్సుల పెట్టి ఊరంతా ఎదురుచూసింది. మూడో రోజు పెద్దమనుషులు ఇక లాభం లేదన్నరు. చిన్నాయన కొడుకు తలకొరివి పెట్టిండు. మేం పోయేసరికి బూడిదే.

తప్పు ఎవరిది? లెక్క చెప్పిన మాదే. స్లాబు పొయ్యడం ఒక్క రోజు పనే. సెంట్రింగు, రాడ్ బైండింగు, క్యూరింగు లెక్కెయ్యకుండా ఓనరుకు తేదీ చెప్తమా? మరి ఇంటోళ్లకు మాత్రం విమానం ఎగిరే గంటలే ఎందుకు చెప్పినం?

సరైన లెక్క ఇది. 2024లో ఇక్కడినుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కు నేరుగా విమానం మొదలైంది, అదే ఏడాది అక్కడినుంచి హైదరాబాద్‌కు కూడా. దారి అటూ ఇటూ 14,000 కిలోమీటర్లు, చుట్టు పెద్దగా లేదు. రెండు విమానాల్లో కలిపి సుమారు 17 గంటలు. ఇక్కడ మూడు గంటలు ముందు పోవాలె. మధ్యల ఆగేది నాలుగు. శంషాబాద్‌ల లైను, సామాను గంటన్నర. జగిత్యాల దిక్కు కారుల నాలుగున్నర. మొత్తం 30 గంటలు. టికెట్ మర్నాటికి దొరికితే రెండు రోజులు. పైగా గడియారం ఎండాకాలం తొమ్మిదిన్నర, చలికాలం పదిన్నర గంటలు ముందుకు జరుగుతది. ఆదివారం ఎక్కితే దిగేది మంగళవారమే.

అందుకే చెప్తున్నం అన్నలారా. ఇంటోళ్లకు రెండు రోజులనే చెప్పండి. ఆపాల్నా వద్దా అన్నది వాళ్లను తేల్చుకోనియ్యండి. వంద డాలర్లు ఎక్కువైనా మొత్తం ఒకే టికెట్ మీద తీసుకోండి. మొదటిది ఆలస్యమైతే తర్వాతి విమానం ఎక్కించే బాధ్యత వాళ్లకుంటది.

ఇంకో మాట. ఇంత దూరంల ఉన్నోళ్లం కడసూపుకు అందుతమన్న నమ్మకం లేదు. మనిషి ఉన్నప్పుడే పోవాలె. ఇంట్ల అమ్మ ఒక్కతే ఉంది. దసరాకు టికెట్లు తీసినం. "పనులు పాడు చేసుకోకుండ్రి బిడ్డా" అంటది, కానీ ఏ తారీకని రెండుసార్లు అడిగింది.