భువనగిరికు టికెట్!

మా నందికొండకు రెండు పేర్లు. మున్సిపాలిటీ నందికొండ, బస్సెక్కేవాళ్ల నోట్లో సాగర్. డ్యామ్‌ను కూడా మొదట నందికొండ ప్రాజెక్టు అనేవాళ్లు. పేరు మారితే ఊళ్లో బోర్డులన్నీ మళ్లీ రాయించాలి. యాప్‌లో ఆ తిప్పలు ఉండవు. స్క్రీన్ మీద కనిపించే మాటల్ని కోడ్‌లో కలపకుండా విడిగా ఒక ఫైల్లో పెడతాం. ఆండ్రాయిడ్‌లో దాని పేరు స్ట్రింగ్స్ డాట్ ఎక్స్‌ఎంఎల్. తెలుగుకు ఒకటి, హిందీకి ఒకటి. తెలుగు ఫైల్లో ఏదైనా మాట లేకపోతే డిఫాల్ట్ ఫైల్లోది, అంటే ఎక్కువగా ఇంగ్లిష్‌ది, వచ్చేస్తుంది. సగం తెలుగు, సగం ఇంగ్లిష్ యాప్‌ల గుట్టు ఇదే.

అసలు గొడవ విభక్తితో. ఇంగ్లిష్‌లో ‘టు’ అని రాసి పక్కన ఖాళీ వదిలితే ఏ ఊరైనా అతుకుతుంది. మనకు? ఖాళీ పక్కన ‘కు’ పెట్టామనుకోండి. నందికొండకు, మాచర్లకు... ఓకే. భువనగిరి పడితే ‘భువనగిరికు’! చిన్నపిల్లలు కూడా అలా అనరు. ఇవి చూసి నవ్వుకుని మా ఫ్రెండ్స్ ఫోన్‌ని ఇంగ్లిష్‌లోకి మార్చేసుకున్నారు. ఇంగ్లిష్ రాని అమ్మానాన్నలకు ఆ ఛాయిస్ కూడా లేదు.

నేనైతే వాక్యాన్నే మార్చేస్తా. ‘వెళ్లే ఊరు: భువనగిరి’. కి లేదు, కు లేదు.

ఇంకోటి, ‘బుక్’ అనే ఒక్క మాటే అనువాదానికి పంపితే అటువైపు వాళ్లకేం తెలుస్తుంది? టికెట్ బటన్ మీద ‘పుస్తకం’ అని రావచ్చు. ‘ఇది టికెట్ కొనే బటన్’ అని ఫైల్లోనే ఒక కామెంట్ రాస్తే చాలు. అలాంటి ‘పుస్తకం’ మీ ఫోన్లో కనిపిస్తే స్క్రీన్‌షాట్ తీసి డెవలపర్‌కు పంపండి. మార్చాల్సింది ఒక్క లైనే.