అది "వాళ్ళ గొడవ" కాదండీ!

ఆ మధ్య కౌలాలంపూర్ లో మనవాళ్ళ ఇంట్లో భోజనాల దగ్గర, బళ్ళలో ట్రాన్స్‌జెండర్ పిల్లల సంగతి ఎత్తాను. "అది ఇక్కడి ముస్లింల గొడవండీ. షరియా వాళ్ళకే కదా, మనకెందుకు?" అని ఓ మిత్రుడు తేల్చేశారు. అందరూ తలలూపారు. ఆ మాటకే ఈ జవాబు.

షరియా కోర్టు మనల్ని పిలవదు, నిజమే. కానీ బడిలో వేధింపులకి మతం అడ్డురాదు. 2017 జూన్ లో పెనాంగ్ లో దెబ్బలు తిని చనిపోయిన 18 ఏళ్ళ కుర్రాడు ముస్లిం కాదు, తమిళుడు. ఆడంగివాడని బడి రోజుల నుంచే అతన్ని ఏడిపించేవారని ఎరిగినవాళ్ళు చెప్పారు. ఇక్కడ "పొండాన్" అంటారు. మనం "పాయింట్ ఫైవ్" అని నవ్వుకున్నాం. తేడా ఏముంది?

మరి ప్రభుత్వం ఏం చేసింది? 2011 లో తెరంగాను రాష్ట్రంలో, నడకా మాటా ఆడపిల్లల్లా ఉన్నాయని టీచర్లు ఏరిన 66 మంది మగపిల్లల్ని "సరిచేయడానికి" బెసుత్ లో శిబిరానికి పంపారు. అప్పటి మహిళా మంత్రి షహ్రిజాతే దాన్ని తప్పుపట్టారు. 2017 లో ఆరోగ్యశాఖ ఇలాంటివి "నివారించడం" ఎలాగో వీడియో తీయమని కుర్రకారుకి పోటీ పెట్టింది. గోల లేచాక మాట మార్చింది. 2019 లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని మానసిక రోగాల జాబితా నుంచే తీసేసింది. లేని రోగానికి మందేమిటండీ?

ఆ పిల్లలకి కావలసింది వేరే. వెక్కిరించని కౌన్సిలర్, భయం లేకుండా వెళ్ళగలిగే టాయిలెట్, సుఖవ్యాధుల గురించీ హెచ్ఐవీ గురించీ సిగ్గుపడకుండా అడగగలిగే డాక్టరు. ఇవేవీ దొరకని పిల్ల ఎక్కడ నేర్చుకుంటుంది? ఇంటర్నెట్ లో, ముక్కూమొహం తెలియని వాళ్ళ దగ్గర.

పైగా ఇక్కడ 18 నిండని పిల్లలకి వైద్యం కావాలంటే మామూలుగా తల్లిదండ్రుల సమ్మతి అడుగుతారు. అంటే ఆ క్లినిక్ తాళంచెవి మన జేబులోనే ఉంది. మంత్రిని తిట్టి ఊరుకుంటే సరిపోదు.

"మన దేశం నయం" అనకండి. 2014 లో సుప్రీంకోర్టు ట్రాన్స్‌జెండర్ల హక్కులు గుర్తించింది, మంచిదే. 2021 లో ఈ పిల్లల కోసం టీచర్లకి ఎన్‌సీఈఆర్‌టీ చేసిన పుస్తకం, అభ్యంతరాలు రాగానే వెబ్‌సైట్ నుంచి మాయమైంది!

నా సంగతీ చెప్పాలి. ఇంటర్ హాస్టల్ లో నా పక్క మంచం వాడిని అందరూ అలాగే పిలిచేవాళ్ళు. నేను పిలవలేదు, నవ్వాను. రెండో ఏడు వాడు తిరిగి రాలేదు. ఎందుకని ఒక్కరం అడగలేదు. ఆ తరవాత నేను మాస్టర్స్ చేశాను, వీసా తెచ్చుకున్నాను. వాడేమయ్యాడో ఇప్పటికీ తెలియదు.

వీసా మీద ఉన్నవాళ్ళని రోడ్డెక్కమని అడగడం లేదు. మీ పిల్లల బడికి వెళ్ళి, ఇలాంటి పిల్లాడొస్తే కౌన్సిలర్ ఏం చేస్తారో అడగండి. మన సంఘాలు ఉగాది సభలో పాటలకి మూడు గంటలిస్తాయి, అరగంట ఒక డాక్టరుకి ఇవ్వండి. 1987 నుంచి కౌలాలంపూర్ లో హెచ్ఐవీపై పనిచేస్తున్న పీటీ ఫౌండేషన్ లాంటి వాళ్ళని పిలవండి.

అన్నిటికన్నా ముందు, ఇంట్లో ఆ జోకులు మానండి. మీ పక్క గదిలో ఒకరు వింటూ ఉండవచ్చు.